కాటా సరి చూసుకున్నావా?

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. ఒక కమీషన్ దుకాణం తరఫున బస్తాలు కాటా వేయించి, చిట్టా రాసి, రైతు చేతికి చీటీ ఇవ్వడం ఆయన పని. నేను ఈసీఈ ఫైనలియర్. ఆయన పనికీ నా చదువుకీ ఎక్కడా ముడి లేదనే మొన్న ఫిబ్రవరి దాకా అనుకున్నాను.

ఆ ఫిబ్రవరిలో మేం ముగ్గురం, అంటే మా ప్రాజెక్ట్ బ్యాచ్, పదకొండు రోజుల పాటు ఒక దూరపు గెలాక్సీలో అణువుల్ని కనిపెట్టేశామని నమ్మాం. ఆ పదకొండు రోజుల్లో ఏం జరిగిందో, పన్నెండో రోజు ఏం చేయాల్సి వచ్చిందో చెప్దామని ఇది రాస్తున్నాను. మధ్యలో కాస్త సైన్సు ఉంటుంది. భయపడకండి, సెకండియర్‌లో ఎలక్ట్రోమాగ్నెటిక్స్ పేపరు అత్తెసరు మార్కులతో గట్టెక్కినదాన్నే నేను కూడా.

ముందు అసలు మేం వెతికింది ఏంటో చెప్పాలి.

నక్షత్రాలు పుట్టేది చల్లటి వాయు మేఘాల్లో. ఆ మేఘాల్లో ఎక్కువ భాగం హైడ్రోజన్ అణువులే, అంటే రెండు హైడ్రోజన్ పరమాణువులు జతకట్టినవి. ఒక గెలాక్సీ ఇంకా ఎన్ని నక్షత్రాల్ని పుట్టించగలదో తెలియాలంటే దాని దగ్గర ఈ సరుకు ఎంత ఉందో తెలియాలి. చిక్కేంటంటే చలిలో హైడ్రోజన్ అణువు నోరు విప్పదు. రెండు పక్కలా ఒకే రకం పరమాణువు కాబట్టి దానికి డైపోల్ మూమెంట్ లేదు. డైపోల్ లేనిది ఎంత గిర్రున తిరిగినా యాంటెనాలాగా రేడియో తరంగాలు పంపదు. అందుకని దాన్ని వదిలేసి దాని పక్కింటివాళ్ళని పట్టుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్ 115.27 గిగాహెర్ట్జ్ దగ్గర దొరుకుతుంది. హైడ్రాక్సిల్, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసినది, 1665, 1667 మెగాహెర్ట్జ్‌ల దగ్గర దొరుకుతుంది. వీళ్ళు కనిపిస్తే ఆ చుట్టుపక్కల హైడ్రోజన్ అణువులు కూడా ఉన్నాయని లెక్క.

రెండో చిక్కు దూరం. అణువు తనంతట తాను పంపే వెలుగు దూరం వర్గానికి తగ్గట్టు పలచబడిపోతుంది. పది రెట్లు దూరం పోతే వంద రెట్లు మసక. అదే అణువు ఒక గట్టి రేడియో దీపం ముందు నిలబడి ఉందనుకోండి, కథ మారిపోతుంది. మా ఇంట్లో కరెంటు పోయిన రాత్రి అమ్మ దోమల కోసం వేపాకు పొగ వేస్తుంది. చీకట్లో ఆ పొగ కనపడదు, వాసనే తెలుస్తుంది. దాని వెనక నుంచి టార్చ్ వేస్తే మాత్రం గోడ మీద పొగ నీడ సుడులు తిరుగుతూ కనిపిస్తుంది. ఆ నీడ ఎంత ముదురుగా ఉంటుందనేది పొగ ఎంత చిక్కగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. అది మనకి ఎంత దూరంలో ఉందన్నది లెక్కలోకి రాదు. టార్చ్ మాత్రం గట్టిగా ఉండాలి.

రేడియో ఖగోళంలో ఆ టార్చ్ పేరు క్వేజార్. దాని వెలుగు మధ్యలో ఉన్న గెలాక్సీని దాటి వచ్చేటప్పుడు అక్కడి అణువులు తమకు నప్పే ఫ్రీక్వెన్సీని మాత్రం కాస్త మింగేస్తాయి. స్పెక్ట్రమ్‌లో అక్కడ చిన్న గుంట పడుతుంది. దాన్నే శోషణ రేఖ అంటారు. గుంట లోతు చూస్తే వాయువు ఎంత అనేది అంచనాకి వస్తుంది, వెడల్పు చూస్తే అది లోపల ఎంత వేగంగా కదులుతోందో తెలుస్తుంది. ఒక పరిమితి ఉంది. గెలాక్సీ మొత్తం కనిపించదు, ఆ దీపం వెలుగు దాటి వచ్చిన సన్నటి దారి ఒక్కటే కనిపిస్తుంది. బస్తాలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు మిర్చి తీసి చూడటం లాంటిది.

మా మేడమ్ మాకు ఈ టాపిక్ ఇచ్చినప్పుడు ముందు పీకేఎస్ 1830-211 అనే క్వేజార్ గురించి చదవమన్నారు. అది చదివాకే నాకు ఈ పని మీద ఇష్టం పుట్టింది. రేడియోలో చూస్తే ఆ క్వేజార్ రెండుగా కనిపిస్తుంది. రెండు బొమ్మల మధ్య దూరం ఆకాశంలో దాదాపు ఒక ఆర్క్‌సెకండే. ఇది మధ్యలో ఉన్న ఏదో గెలాక్సీ గురుత్వాకర్షణ కటకంలా పనిచేయడం వల్ల కావచ్చని 1988లో ప్రమేశ్ రావు, రవి సుబ్రహ్మణ్యన్ అనే ఇద్దరు భారతీయ శాస్త్రవేత్తలు సూచించారు. కానీ ఆ మధ్యలోని గెలాక్సీ ఎంత దూరంలో ఉందో తెలీదు. మన పాలపుంత నడిబొడ్డు వైపు దుమ్ము వెనకాల ఉండటంతో మామూలు టెలిస్కోపులకి అది అందలేదు. 1996లో టామీ విక్లిండ్, ఫ్రాన్స్వాజ్ కోంబ్ అనే ఇద్దరు చిలీలోని 15 మీటర్ల డిష్‌తో మిల్లీమీటర్ తరంగాల్లో ఫ్రీక్వెన్సీ తర్వాత ఫ్రీక్వెన్సీ జల్లెడ పట్టి, అణువుల గుంటలు పట్టుకున్నారు. ఆ గుంటల్ని బట్టే దాని రెడ్‌షిఫ్ట్ సుమారు 0.89 అని తేలింది. కంటికి కనపడని గెలాక్సీ అడ్రసు దాని నీడని బట్టి దొరికిందన్నమాట.

అక్కడి నుంచి వచ్చే వెలుగు 700 కోట్ల ఏళ్ళకి పైగా పాతది. మన భూమి వయసే 450 కోట్ల ఏళ్ళు. ఆ ఒక్క గెలాక్సీలో ఆ తర్వాత డజన్ల కొద్దీ రకాల అణువులు దొరికాయి. వాటిని థర్మామీటర్‌లా వాడి ఆ కాలంలో విశ్వపు నేపథ్య ఉష్ణోగ్రత సుమారు 5.08 కెల్విన్ అని 2013లో కొలిచారు. ఇప్పుడది 2.73. విశ్వం వ్యాకోచిస్తూ చల్లబడుతోందన్న లెక్క ప్రకారం అప్పట్లో 5.14 ఉండాలి. కొలతలో ఉండే తేడాకి అది సరిపోయింది. అదే ఏడు అక్కడి మిథనాల్ గీతలు చూసి, ప్రోటాన్, ఎలక్ట్రాన్ బరువుల నిష్పత్తి అప్పటికీ ఇప్పటికీ కోటిలో ఒక వంతు స్థాయి దాకా చూసినా మారలేదని తేల్చారు. కోటిలో ఒక వంతు! మా ల్యాబ్‌లో రెసిస్టర్లకి ఐదు శాతం టాలరెన్స్ అంటే సంతోషిస్తాం.

ఇక మా సంగతి. పుణెకి ఉత్తరాన ఖోడద్ దగ్గర జీఎంఆర్‌టీ ఉంది. 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు, ఒక చివర నుంచి ఇంకో చివరకి దాదాపు 25 కిలోమీటర్లు. దాని పాత పరిశీలనల డేటా ఆర్కైవ్‌లో దొరుకుతుంది. మేడమ్ మాకోసం ఒక క్వేజార్ ఎంచారు. దాని ముందు 0.49 రెడ్‌షిఫ్ట్ దగ్గర ఒక గెలాక్సీ ఉంది. విశ్వం సాగడం వల్ల హైడ్రాక్సిల్ 1667.36 మెగాహెర్ట్జ్ గీత 1.49తో భాగించినంత కిందికి జారుతుంది, అంటే 1119 దగ్గర కనబడాలి. "దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ఇంత దూరంలో ఇలాంటివి చాలా ఏళ్ళ పాటు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే దొరికాయి. మీరు పద్ధతి నేర్చుకుంటే చాలు" అని మేడమ్ ముందే చెప్పారు.

డిసెంబరంతా కాసా అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికే పోయింది. జనవరిలో డేటా. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక రాత్రి రెండున్నరకి, హాస్టల్ వైఫై చచ్చిపోయి నా ల్యాప్‌టాప్ ఫ్యాను ఆటోలా మోగుతుంటే, స్పెక్ట్రమ్ గీసుకుంది. సరిగ్గా 1119 దగ్గర ఒక గుంట. దాదాపు ఒక శాతం లోతు. చుట్టూ ఉన్న నాయిస్ దాంట్లో ఐదో వంతు కూడా లేదు.

నేను రూమ్మేట్‌ని లేపి మరీ చూపించాను. అది కళ్ళు నులుముకుని "ఏంటే ఇది, ఈసీజీనా?" అని మళ్ళీ పడుకుంది.

పొద్దున్నే బ్యాచ్‌లో ఇద్దరికీ చూపించాను. ముగ్గురం క్యాంటీన్‌లో ఎగిరినంత పని చేశాం. మేడమ్ ఆ వారం కాన్ఫరెన్స్‌కి వెళ్ళారు. ఫోన్‌లో చెబితే "బాగుంది, నేను వచ్చాక చూద్దాం, తొందరపడకండి" అన్నారు. మొదటి రెండు మాటలే మాకు వినబడ్డాయి. డిపార్ట్‌మెంట్ సింపోజియం పోస్టర్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపేశాం. నేను ఇంకో అడుగు ముందుకేశాను. ఒక పరిశోధనా సంస్థ సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి అప్లికేషన్ చివరి తేదీ ఆ వారమే. మీరు చేసిన పని రాయండి అన్న చోట "దూరపు గెలాక్సీలో హైడ్రాక్సిల్ శోషణని గుర్తించాం" అని రాశాను. ప్రయత్నించాం అని రాయలేదు. గుర్తించాం అనే రాశాను.

నాన్నకి కూడా చెప్పాను. ఆయన యార్డులో సేటు దగ్గర నుంచి ముఠా మేస్త్రి దాకా అందరికీ చెప్పేశారు. మా అమ్మాయి ఎక్కడో చుక్కల లోకంలో గ్యాసు కనిపెట్టిందని. "ఇంతకీ వంటకి పనికొస్తుందా అది?" అని ఎవరో అడిగారట.

పదో రోజు ఫోన్‌లో నాన్న తీరిగ్గా అడిగారు. "అసలు ఎట్టా తెలిసిద్దమ్మా, అంత దూరంలో ఉన్నది?"

ఆయనకి అర్థమయ్యేలా చెప్పాలని, "రావాల్సిన దానికన్నా కొంచెం తక్కువ వచ్చింది నాన్నా. వందకి తొంభై తొమ్మిది. ఆ పోయిన ఒకటి మధ్యలో ఎవరో మింగారని లెక్క" అన్నాను.

"వందకి ఒకటంటే తరుగు చానా చిన్నది. కాటా సరి చూసుకున్నావా?"

"చూసుకున్నాం నాన్నా. దానికి కాలిబ్రేటర్ అని ఉంటుంది. మనకి బాగా తెలిసిన ఇంకో క్వేజార్‌ని ముందు చూసి, దాంతో సరిచేస్తాం."

"మరి సున్నా చేసేటప్పుడు పళ్ళెం మీద ఏమన్నా ఉందేమో చూశావా? మా దగ్గర ఒకసారి ఇట్టాగే అయింది. పొద్దున సున్నా చేసేటప్పుడు ఎవరో గోతం మడిచి పళ్ళెం మీద పెట్టారు. చూసుకోలా. ఆ గోతం తీశాక వేసిన ప్రతి బస్తాకీ ఆ గోతం బరువు తక్కువే చూపించింది. రైతులు గోల పెట్టారు."

నేను నవ్వి ఫోన్ పెట్టేశాను. పది నిమిషాలు ఆగి నవ్వు పోయింది.

ఎందుకంటే నాకు అప్పటికే ఒక అనుమానం ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. హైడ్రాక్సిల్ ఒంటరిగా రాదు. 1667 ఉంటే పక్కనే 1665 కూడా ఉండాలి. మామూలు పరిస్థితుల్లో వాటి బలాలు తొమ్మిదికి ఐదు. మా స్పెక్ట్రమ్‌లో గుంటకి 1.3 మెగాహెర్ట్జ్ కిందన, మొదటిదాంట్లో సగానికి మించిన లోతుతో ఇంకో గుంట కనిపించాలి. అక్కడ ఏమీ లేదు. అణువులు ఎప్పుడూ ఆ తొమ్మిది-ఐదు లెక్క పాటించవని ఒక పేపర్లో చదివి, మాది కూడా అలాంటి కేసే అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కావలసిన జవాబు దొరికాక దాన్ని కాపాడుకోవడానికి మనకి ఎంత తెలివి పుట్టుకొస్తుందో అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి మొదటిసారి కాలిబ్రేటర్ ముడి డేటాని విడిగా గీశాను. నిజానికి ఈ పని జనవరిలోనే చేయాలి. ఆటోమేటిక్ స్క్రిప్ట్ చేసేస్తుందిలే అని వదిలేశాం. 1119 దగ్గర కాలిబ్రేటర్‌లో ఒక స్పైక్ ఉంది. మొత్తం పరిశీలనలో చివరి కొన్ని నిమిషాల్లోనే ఉంది. అది కూడా మధ్యలో దగ్గర దగ్గరగా ఉన్న డిష్‌ల జతల్లోనే బలంగా ఉంది, దూరంగా ఉన్న జతల్లో దాదాపు లేదు. ఆకాశంలో అంత దూరం నుంచి వచ్చే చుక్కలాంటి సిగ్నల్ అలా ప్రవర్తించదు. ఇక్కడి నుంచి వచ్చే గోలే అలా ప్రవర్తిస్తుంది.

మన రాడార్ సబ్జెక్టులో డీఎంఈ గుర్తుందా? విమానం తాను నేల మీది స్టేషన్‌కి ఎంత దూరంలో ఉందో కొలుచుకునే పరికరం. 1025 నుంచి 1150 మెగాహెర్ట్జ్ దాకా విమానాలు పల్సులు పంపుతాయి. ఐదు మార్కుల ప్రశ్నకి బట్టీ పట్టిన నంబర్లు. మా 1119 సరిగ్గా అందులో ఉంది. అది ఏ విమానమో చెప్పలేను, అది విమానమే అని కూడా ఒట్టు వేయలేను. కానీ కాలిబ్రేటర్‌ని చూస్తున్నప్పుడు ఏదో పైనుంచి పోయి ఆ కొన్ని నిమిషాల్లో లేని వెలుగు కలిపింది. దాన్నే సరైన కొలతగా తీసుకుని మా క్వేజార్ డేటాని భాగించాం. అక్కడ ఒక శాతం తక్కువ వచ్చింది. ఎవరూ ఏమీ మింగలేదు. పళ్ళెం మీద గోతం ఉంది, అంతే.

ఆ నిమిషాలు తీసేసి మళ్ళీ నడిపాను. పొద్దున నాలుగైంది. గీత చదునుగా వచ్చింది.

ఏడవలేదని చెప్తే అబద్ధం.

పన్నెండో రోజు మధ్యాహ్నం ముగ్గురం లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాం. వాళ్ళలో ఒకడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రివ్యూలో ఎవరు అడుగుతారు? కాలిబ్రేటర్ ప్లాట్ పెట్టకపోతే ఎవరికీ తెలీదు" అన్నాడు. వాణ్ణి తిట్టాలనిపించలేదు. వాడికి ఆ నెలలోనే ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ ఉంది, రెజ్యూమేలో ఈ లైను ఉంది. నా అప్లికేషన్‌లోనూ ఉంది. నేనూ నాలుగింటి నుంచి మధ్యాహ్నం దాకా అదే ఆలోచించాను. చివరికి ఇంకో అమ్మాయి అంది, "సరే, చెప్పకుండా ఉందాం. రేపు ఎవరైనా మన మాట నమ్మి, మళ్ళీ అక్కడే గంటలకి గంటలు టెలిస్కోప్ టైమ్ అడిగితే?" దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

పోస్టర్ అబ్‌స్ట్రాక్ట్ వెనక్కి తీసుకుని మార్చి పంపాం. మేడమ్‌కి ఫోన్ చేశాం. ఆవిడ తిట్టలేదు. "1665 లేదని నీకు ఎప్పుడు తెలుసు?" అని మాత్రం అడిగారు. "మూడో రోజు నుంచి మేడమ్" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం కన్నా తిట్లే నయం.

ఇంటర్న్‌షిప్ సంస్థకి మెయిల్ రాయడానికి నాకు రెండు గంటలు పట్టింది, ఉన్నవి ఐదు లైన్లే. మేం రాసిన ఫలితం తప్పు, కారణం ఇది, సరిచేశాక గీత కనిపించలేదు. తెలియజేసినందుకు థాంక్స్ అని జవాబు వచ్చింది. ఏప్రిల్‌లో సెలెక్టయిన వాళ్ళ లిస్టు వచ్చింది. నా పేరు లేదు. ఈ మెయిల్ వల్లనో, నా సీజీపీఏ వల్లనో నాకు తెలీదు. మంచి పని చేస్తే మంచే జరిగిందని రాసి ఉంటే మీకూ బాగుండేది, నాకూ బాగుండేది.

ఫైనల్ రివ్యూలో ఎక్స్‌టర్నల్ సర్ మొదటి ప్రశ్నే, "అయితే మీకేం దొరకలేదు, మరి రిజల్ట్ ఏంటి?" అన్నారు. ఆ ప్రశ్నకి మేం సిద్ధమయ్యాం. లేదు అని ఊరికే చెప్పడం వేరు, ఇంత లోతుకి మించిన గుంట లేదు అని లెక్కతో చెప్పడం వేరు. నాయిస్ ఎంతో తెలుసు కాబట్టి దానికి మూడు రెట్లు పెద్ద గుంట ఉండి ఉంటే కనిపించేది. కాబట్టి ఆ దారిలో హైడ్రాక్సిల్ ఫలానా దానికన్నా తక్కువే ఉండాలి. దాన్ని అప్పర్ లిమిట్ అంటారు. దొరికినవాళ్ళ పేపర్లలో దొరకనివాళ్ళ లిమిట్లు కూడా కలిపితేనే విశ్వంలో ఇలాంటి గెలాక్సీలు ఎన్నో తెలుస్తుంది. సర్ అంతా విని, "ఆ కాలిబ్రేటర్ ప్లాట్ ఇంకోసారి పెట్టండి" అన్నారు. దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. మా మొత్తం ప్రెజెంటేషన్‌లో ఎక్కువసేపు తెర మీద ఉన్న స్లైడ్ అదే. దాచేద్దామనుకున్నది.

నాన్నకి చెప్పడం అన్నిటికన్నా కష్టమనిపించింది. పాపం యార్డంతా చెప్పుకున్నారు కదా.

"నాన్నా, ఆ గ్యాసు లేదు. కాటా తేడా. మీరు చెప్పినట్టే, సున్నా చేసేటప్పుడు పైన ఏదో ఉంది."

ఒక్క క్షణం ఆగారు. "సరిచేసుకున్నారుగా?"

"ఆ."

"మరింకేంటి. రేపు వాళ్ళకి చెప్తాలే, కాటా తేడా వచ్చిందని. గ్యాసు సంగతి అర్థం కాకపోయినా ఇది వాళ్ళకి అర్థమవుద్ది. తిన్నావా?"

జూనియర్స్‌కి ఒక మాట. ఈ డేటాకి డబ్బులు అక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్, బోలెడంత ఓపిక ఉంటే చాలు. ఆర్కైవ్‌లో ఇంకా ఎవరూ సరిగ్గా చూడని గంటలు ఉండే ఉంటాయి. మా స్క్రిప్టులన్నీ డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో పెట్టి వెళ్తున్నాం. వాటిలో రీడ్‌మీ ఫైల్ మొదటి లైను నేను రాశాను: ఏ గుంట చూసి ఎగిరినా, ముందు కాలిబ్రేటర్ గీసి చూడండి.